ఏప్రిల్ 1 లోపు కౌంటర్ దగ్గర జరగాల్సిన పని: నెల్లూరు, ప్రకాశం జిల్లాల బ్యాంకర్లకు బహిరంగ లేఖ

నెల్లూరు, ప్రకాశం జిల్లాల లీడ్ బ్యాంకు మేనేజర్లకు, ఈ ప్రాంతంలోని ప్రభుత్వ, ప్రైవేటు, గ్రామీణ, సహకార బ్యాంకుల శాఖల మేనేజర్లకు,

నమస్కారం.

డిజిటల్ చెల్లింపుల్లో ఖాతాదారుణ్ణి కనీసం రెండు వేర్వేరు రుజువులతో గుర్తుపట్టాకే డబ్బు కదలాలని రిజర్వ్ బ్యాంకు 2025 సెప్టెంబర్ 25న ఆదేశాలిచ్చింది. 2026 ఏప్రిల్ 1 నాటికి ఇవి అమలు కావాలి. విదేశీ వెబ్‌సైట్లలో మన కార్డులు వాడే భాగానికి మాత్రం 2026 అక్టోబర్ 1 దాకా గడువుంది. మీ హెడ్డాఫీసుల్లోని ఐటీ విభాగాలు ఈ పనిలోనే ఉంటాయి. అయినా ఈ లేఖ శాఖల్లో కూర్చునే మీకే రాస్తున్నాం. సర్వర్‌లో మార్పు ఎంత చక్కగా చేసినా, ఖాతాలో ఉన్న ఫోన్ నంబరు తప్పయితే రెండో రుజువు ఖాతాదారు దాకా చేరదు. ఆ నంబరు సరిచేసేది శాఖలోనే. ఆ పని గడువు లోపు జరగకపోతే ఈ నియమం వల్ల మన దగ్గర రైతుల, చిన్న వ్యాపారుల చెల్లింపులు ఆగుతాయి, మోసాలు మాత్రం ఆగవు.

తేదీ కూడా ఇబ్బందైనదే. ఏటా ఏప్రిల్ 1న వార్షిక ఖాతాల ముగింపు కోసం కౌంటర్లు మూసి ఉంటాయి. మార్చి ఆఖరి వారం మీకు తల ఎత్తే తీరిక ఉండదు. సరిగ్గా ఆ రోజుల్లోనే పెన్నా డెల్టాలో వరి కోతలు, ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి వేలం కేంద్రాల్లో పొగాకు అమ్మకాలు సాగుతుంటాయి. డబ్బు బాగా కదిలే కాలం అది. అందుకని శాఖల్లో పని ఇప్పుడే మొదలుపెట్టాలి.

గడువు పొడిగించమని మీ సంఘాల ద్వారా అడిగే ఆలోచన ఉంటే దయచేసి మానుకోండి. వ్యాపారుల దగ్గర కార్డు నంబర్లు దాచి ఉంచకూడదన్న నియమం గడువు 2021 జూన్ 30 నుంచి డిసెంబర్ 31కి, అక్కణ్ణుంచి 2022 జూన్ 30కి, చివరికి సెప్టెంబర్ 30కి జరిగింది. నెలనెలా తమంతట తాము కట్టయ్యే చెల్లింపుల నియమం 2021 మార్చి 31 నుంచి సెప్టెంబర్ 30కి పోయింది. ఐరోపాలో ఇలాంటి నియమమే 2019 సెప్టెంబర్ 14న అమలు కావాల్సి ఉండగా ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు 2020 డిసెంబర్ 31 దాకా వెసులుబాటు ఇచ్చారు, బ్రిటన్‌లో 2022 మార్చి 14 దాకా సాగింది. ఈసారి మాత్రం ముసాయిదా 2024 జులైలోనే బయటికొచ్చింది. తుది ఆదేశాల తర్వాత కూడా ఆరు నెలలకు పైగా సమయం ఇచ్చారు. ఇంకా కావాలంటే దాని భారం మోసపోయే ఖాతాదారు మీద పడుతుంది.

ముందు ఒక పుకారు సంగతి. ఏప్రిల్ 1 నుంచి ఓటీపీ ఉండదని కొందరు చెప్పుకుంటున్నారు. అది తప్పు. ఎస్సెమ్మెస్ ఓటీపీని రిజర్వ్ బ్యాంకు నిషేధించలేదు. ఓటీపీ ఒక్కటే దారి కానవసరం లేదని మాత్రం చెప్పింది. ఖాతాదారుకు తెలిసినది ఒకటి, అంటే పిన్ లేదా పాస్‌వర్డ్. చేతిలో ఉన్నది ఒకటి, అంటే బ్యాంకు గుర్తించిన ఫోన్, కార్డు, టోకెన్ లాంటివి. ఒంటి గుర్తు ఒకటి, అంటే వేలిముద్ర, ముఖం. వీటిలో రెండు ఉండాలి. కార్డును మెషిన్ దగ్గర స్వయంగా వాడే చెల్లింపులు తప్ప మిగతా వాటిలో, ఆ రెండింటిలో ఒకటైనా ఆ ఒక్క లావాదేవీ కోసమే అప్పటికప్పుడు పుట్టినది కావాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఒకటి దొంగ చేతిలో పడినా రెండోది చెక్కు చెదరకూడదు. మెషిన్‌కి కార్డు తాకించి కట్టే 5,000 రూపాయల లోపు చెల్లింపులు, ఫాస్టాగ్, మొదటిసారి ఆమోదించాక 15,000 లోపు నెలవారీ కోతలు లాంటి కొన్నిటికి మినహాయింపు ఉంది. ఈ నాలుగు ముక్కలు తెలుగులో ఒక కాగితం మీద రాసి కౌంటర్ అద్దానికి అతికించండి. పుకార్లు పుట్టిన చోటల్లా నకిలీ లింకులు పుడతాయి. "కొత్త నియమం ప్రకారం మీ యాప్ అప్‌డేట్ చేసుకోండి" అనే మెసేజీలు ఈ గడువు పేరు చెప్పి కూడా రావచ్చు, ముందే హెచ్చరించండి. బ్యాంకుల వెబ్‌సైట్లు ఇప్పుడు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ చిరునామాకు మారాయన్న సంగతి కూడా అదే కాగితం మీద రాయండి. దాన్ని చూసి అసలు సైటును పోల్చుకోవడం చాలామందికి ఇంకా తెలియదు.

ఇక ఫోన్ నంబర్లు. మిగతా ఏర్పాట్లన్నీ వీటి మీదే నిలబడ్డాయి కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెబుతాం.

జన్‌ధన్ ఖాతాలు, పింఛను ఖాతాలు, ఉపాధి హామీ ఖాతాలు తెరిచిన రోజుల్లో ఏ నంబరు చేతికందితే అది ఫారంలో రాశారు. కొడుకుది, పక్కింటివాళ్లది, డ్వాక్రా సంఘం లీడరుది, ఖాతా తెరిపించిన ఏజెంటుది. అప్పట్లో అది మెసేజీలు రావడానికి మాత్రమే. ఇప్పుడు అదే నంబరు ఖాతా తాళంచెవి. ప్రీపెయిడ్ సిమ్ వరసగా 90 రోజులు వాడకుండా ఉండి, అందులో 20 రూపాయలు కూడా లేకపోతే కంపెనీ దాన్ని రద్దు చేయొచ్చు. కొంతకాలం పక్కన పెట్టాక ఆ నంబరును ఇంకొకరికి ఇస్తుంది. రెండు సిమ్‌లున్న ఫోన్‌లో రీచార్జి ఒకదానికే చేయిస్తారు. బ్యాంకులో ఇచ్చింది తరచూ రెండోదే అవుతుంది. ప్యాకు అయిపోయాక ముందు కాల్స్ పోవు, కొన్నాళ్లకు మెసేజీలూ రావు. ఖాతాదారేమో బ్యాంకు సర్వర్ పనిచేయడం లేదనుకుంటాడు. ఇంకొన్ని నెలలకు ఆ ఓటీపీలు ముక్కూ మొహం తెలియని మనిషి ఫోన్‌కి పోవడం మొదలవుతుంది. ఉదయగిరి, వింజమూరు వైపు నుంచి కువైట్ వెళ్లినవాళ్ల ఖాతాల్లో, పిల్లలు అమెరికాలో ఉండి ఇక్కడ తల్లిదండ్రులు చూసుకునే ఖాతాల్లో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

రద్దయిన నంబర్ల జాబితాను టెలికాం శాఖ తన డిజిటల్ ఇంటెలిజెన్స్ ప్లాట్‌ఫాంలో ఉంచుతోంది. దాంతో ఖాతాల్లోని నంబర్లను పోల్చి చూసుకోవాలని రిజర్వ్ బ్యాంకు 2025 జనవరి 17నే బ్యాంకులకు చెప్పింది. ఆ పోలిక ఫలితం మీ శాఖ దాకా వచ్చిందా? రాకపోతే అడిగి తెప్పించుకోండి. దాంతోపాటు మీ కోర్ బ్యాంకింగ్ నుంచి ఇంకో మూడు జాబితాలు తీయించండి. అసలు నంబరే లేని ఖాతాలు ఒకటి. ఒకే నంబరు ముగ్గురికన్నా ఎక్కువమంది ఖాతాదారులకు కట్టి ఉన్నవి ఇంకొకటి, ఇందులో ఏజెంట్ల నంబర్లు బయటపడతాయి. మూడోది, పంపిన ఎస్సెమ్మెస్‌లు మూడు నెలలుగా చేరని నంబర్లు. చేరిందీ లేనిదీ టెలికాం సంస్థ నుంచి ప్రతి మెసేజీకీ రిపోర్టు వస్తుంది, కాబట్టి ఈ జాబితా కష్టమేం కాదు. ఈ నాలుగింటినీ కలిపి, ఊళ్లవారీగా విడగొట్టి, ఊళ్లలో బ్యాంకు తరఫున పనిచేసే బ్యాంకు మిత్రల చేతికివ్వండి. పింఛన్లు పంచే రోజుల్లో, డ్వాక్రా సంఘాలు కూర్చునే రోజుల్లో మనుషులు ఒక్కచోట దొరుకుతారు.

ఒక్క షరతు. బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్ర వేసినంత మాత్రాన నంబరు మారిపోయే ఏర్పాటు పెట్టొద్దు. పేరు, కొత్త నంబరు సేకరించడం వరకే మిత్ర పని. మార్పు శాఖలో, ఖాతాదారు ఎదురుగా, గుర్తింపు కార్డు చూశాకే జరగాలి. కొత్త నంబరుకు ఓటీపీ పంపి అది ఖాతాదారు చేతిలోనే ఉందని తేల్చుకోవాలి. పాత నంబరుకు "మీ నంబరు మారుతోంది, మీరు అడగకపోతే వెంటనే చెప్పండి" అని మెసేజీ పోవాలి. తర్వాత ఒక రోజు పాటు పెద్ద మొత్తాల బదిలీకి హద్దు ఉండాలి. మోసగాళ్లు ఖాతా ఖాళీ చేసేముందు చేసే మొదటి పని నంబరు మార్పించడమే. నంబర్లు సరిచేసే హడావిడిలో వాళ్లకు దారి తెరవకూడదు.

ఇంకో చిక్కు యూపీఐ పిన్ దగ్గర వస్తుంది. పిన్ పెట్టుకోవాలంటే డెబిట్ కార్డు ఆఖరి ఆరు అంకెలు, దాని గడువు తేదీ కావాలి. కార్డు లేకపోతే ఆధార్ ఓటీపీతో పెట్టుకోవచ్చు, అయితే ఆధార్‌లో ఉన్న నంబరు, బ్యాంకులో ఉన్న నంబరు ఒకటే అయి ఉండాలి. బ్యాంకులో నంబరు మార్చి పంపేసి, ఆధార్‌లో పాతదే వదిలేస్తే ఆ మనిషి మళ్లీ మీ కౌంటర్‌కే వస్తాడు. నంబరు మార్చే రోజునే ఆధార్‌లో ఉన్న ఫోన్ నంబరు సంగతి అడిగి, తేడా ఉంటే దగ్గర్లోని ఆధార్ కేంద్రానికి పంపండి. శాఖ ఆవరణలోనే ఆధార్ కేంద్రం ఉన్న చోట రెండు పనులూ ఒకే పూట అయిపోతాయి.

ఓటీపీ మెసేజీ తెలుగులో రావాలని ఎప్పటినుంచో అడుగుతున్నదే. బ్యాంకులు వెనకాడటానికి ఒక సాంకేతిక కారణం ఉంది, దాన్ని దాచాల్సిన పనిలేదు. ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి. తెలుగు యూనికోడ్‌లో 70 మాత్రమే. గుణింతపు గుర్తులు, పొల్లు, ఒత్తు వేరువేరుగా లెక్కకొస్తాయి. 70 దాటితే రెండు మెసేజీల ఖర్చు, పైగా రెండు ముక్కలుగా పోయినప్పుడు సిగ్నల్ బలహీనంగా ఉన్న చోట ఒక ముక్క ఆలస్యం కావచ్చు. అలాగని చేయలేనిది కాదు. ఇది చూడండి: "రూ.4,500 చెల్లింపునకు ఓటీపీ 482913. ఎవరికీ చెప్పొద్దు." ఖాళీలు, చుక్కలతో సహా 54 స్థానాలు. దుకాణం పేరుకు ఇంకా 16 మిగులుతాయి. కట్టే మొత్తం ముందు రావాలి, తర్వాత ఓటీపీ అంకెలు. ఎందుకంటే ఫోన్ తెర మీద నోటిఫికేషన్‌లో మొదటి వరసే కనిపిస్తుంది. "మీకు డబ్బు వస్తుంది, నంబరు చెప్పండి" అని అవతలివాడు మాయ చేస్తున్నప్పుడు, కళ్లెదుట "రూ.4,500 చెల్లింపునకు" అని తెలుగులో కనిపిస్తే చాలామంది అక్కడే ఆగుతారు. ఈ నమూనాను, మెసేజీ నమూనాలు నమోదు చేసే టెలికాం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్‌లో ముందే రిజిస్టర్ చేయించాలి. నమోదైన నమూనాకు, పంపిన మెసేజీకి ఒక్క మాట తేడా ఉన్నా అది దారిలోనే ఆగిపోతుంది. ఏప్రిల్ 1న కొత్త నమూనా మొదలుపెట్టి ఆ రోజే ఈ లోపం కనుక్కోవడం కన్నా, మార్చి మొదట్లోనే అన్ని టెలికాం కంపెనీల సిమ్‌ల మీద పరీక్షించడం మేలు.

ఎస్సెమ్మెస్ అందని ఊళ్లూ ఉన్నాయి. యర్రగొండపాలెం, దోర్నాల, అర్ధవీడు వైపు నల్లమల అంచు గ్రామాల్లో వైఫై ఉన్న ఇంట్లో కూడా సెల్ సిగ్నల్ నిలవని చోట్లు కొన్ని ఉన్నాయి. ఫోన్‌లోనే, నెట్ అవసరం లేకుండా 30 సెకన్లకోసారి కొత్త అంకెలు చూపే పద్ధతి పాతదే, నమ్మకమైనదే. బ్యాంకు యాప్‌లో ఆ సౌకర్యం ఉంటే అక్కడి శాఖల్లో దాన్ని చేయించి చూపించండి. ఉందని బోర్డు పెడితే సరిపోదు. ఫోన్ గడియారం తప్పుగా ఉంటే ఆ అంకెలు చెల్లవు. కాబట్టి ఫోన్‌లో తేదీ, సమయం ఆటోమేటిక్‌గా ఉన్నాయో లేదో ముందు చూడండి. బటన్ ఫోన్లు వాడేవాళ్లకు యూపీఐ 123పే ఉంది. పిన్‌తో పనిచేస్తుంది, ఒక్కో చెల్లింపు 10,000 రూపాయల దాకా చేయొచ్చు.

ఒకటి పోయినా రెండోది నిలవాలన్న మాట మీద ఇంకాస్త చెప్పాలి. బ్యాంకు యాప్ ఉన్నదీ, ఓటీపీ వచ్చేదీ ఒకే ఫోన్‌కి. ఇంటికి రెండు తాళాలు వేసి రెండు చెవులూ ఒకే గుత్తికి తగిలించినట్టు. ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్, పెళ్లి శుభలేఖ, కరెంటు బిల్లు పేర్లతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు, అంటే యాప్‌ను నేరుగా ఫోన్‌లో దించే ఫైళ్లు, చేసే పని ఇదే. దాన్ని నొక్కి ఇన్‌స్టాల్ చేయగానే మెసేజీలు చదివే అనుమతి అడుగుతుంది. ఇచ్చామా, ఓటీపీలు మోసగాడి ఫోన్‌కి చేరిపోతుంటాయి. కొన్ని ఫైళ్లు వచ్చిన మెసేజీని మనకు కనపడకుండా చేస్తాయి. కొన్ని కాల్ ఫార్వర్డింగ్ పెట్టేస్తాయి, దాంతో బ్యాంకు నుంచి వచ్చే హెచ్చరిక ఫోన్ కూడా వాడికే పోతుంది. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దన్న మన హెచ్చరిక ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే ఖాతాదారు ఎవరికీ ఏమీ చెప్పలేదు.

దీనికి మందు బ్యాంకు యాప్‌లో ఉంది. ఫోన్ లోపలి సురక్షిత భాగంలో ఒక రహస్య తాళంచెవిని పుట్టించి, అది ఆ ఫోన్ దాటి బయటికి రాకుండా ఉంచి, ప్రతి చెల్లింపునూ దాంతో సంతకం చేయించడం. ఆమోదం అడిగే తెర మీద ఎవరికి, ఎంత అన్నవి పెద్ద అక్షరాల్లో చూపించడం. మెసేజీ దొంగిలించినా అప్పుడు ఉపయోగం ఉండదు. మీ బ్యాంకు ఇలాంటి పద్ధతికి మారుతుంటే, శాఖలో ప్రతి ఖాతాదారు ఫోన్‌లో దాన్ని మొదటిసారి అమర్చే రోజే అసలు కీలకం. అప్పటికే ఫోన్‌లో తెలియని యాప్ ఉంటే కొత్త తాళం కూడా మొదలే చెడుతుంది. అమర్చే ముందు సెట్టింగ్స్‌లో ఎస్సెమ్మెస్ అనుమతి ఏయే యాప్‌లకు ఉందో, యాక్సెసిబిలిటీ (తెరను చదివి, మన బదులు నొక్కే అనుమతి) దేనికి ఆన్ చేసి ఉందో, కాల్ ఫార్వర్డింగ్ ఉందో చూడండి. స్టార్ హ్యాష్ 21 హ్యాష్ డయల్ చేస్తే ఫార్వర్డింగ్ సంగతి తెలుస్తుంది, హ్యాష్ హ్యాష్ 002 హ్యాష్ చేస్తే రద్దవుతుంది. ఒక్కో మనిషికి పది నిమిషాల పని.

వేలిముద్ర, ముఖం గురించి రెండు జాగ్రత్తలు. యూపీఐలో ఫోన్ వేలిముద్రతో చెల్లించే వీలు 2025 అక్టోబర్‌లో వచ్చింది. ఫోన్ చూసేది ఆ ఫోన్‌లో నమోదైన వేలిముద్రనే. అది ఖాతాదారుదా, మనవడిదా దానికి తెలియదు. ఇంటిల్లిపాదీ ఒకే ఫోన్ వాడే చోట ముగ్గురి వేళ్లు నమోదై ఉంటాయి. అలాంటి ఫోన్‌లో తాతగారి ఖాతాకు వేలిముద్ర చెల్లింపు పెడితే ఇంట్లో ఎవరైనా కట్టగలరు. ఆ ఖాతాలకు పిన్ ఉంచడమే మంచిది. రెండోది, బ్యాంకు మిత్రల దగ్గర ఆధార్ వేలిముద్ర. మార్కాపురం పలకల పనిలో, చీమకుర్తి గ్రానైట్ పాలిషింగ్‌లో చేతి గీతలు అరిగిపోతాయి. పొగాకు ఆకు అల్లే రోజుల్లో వేళ్లకు జిగురు పట్టి స్కానర్ ముద్ర తీసుకోదు. అరిగిన ఆ వేళ్లనే అయిదారుసార్లు నొక్కించడం కన్నా కంటిపాప, ముఖం గుర్తింపు పరికరాలు కనీసం మండలానికి ఒకటైనా ఏర్పాటు చేయండి. ఇక మిత్రల తనిఖీకి రిజర్వ్ బ్యాంకు వేరే ఆదేశాలిచ్చింది, అవి 2026 జనవరి 1 నుంచే అమలు కావాలి. మూడు నెలలు పని చేయని మిత్రకు మళ్లీ కేవైసీ చేయకుండా లావాదేవీలు తెరవకూడదు. ఆధార్ చెల్లింపులు అక్కర్లేని ఖాతాదారులకు ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసుకోవడం నేర్పండి.

ఇప్పుడు మన ప్రాంతానికే ప్రత్యేకమైన సంగతి. కొత్త ఆదేశాల ప్రకారం బ్యాంకులు కనీస రెండు రుజువులకు మించి, లావాదేవీ జరిగే చోటు, ఫోన్ వివరాలు, ఖాతాదారు అలవాట్లు, పాత లావాదేవీల తీరు చూసి అనుమానం ఉంటే అదనపు తనిఖీ చేయొచ్చు. మంచిదే. అయితే ఆ లెక్కలు నెల జీతం వచ్చే ఖాతాలను చూసి తయారైతే మన రైతు ఖాతా దొంగ ఖాతాలా కనపడుతుంది. పొగాకు రైతు ఖాతా ఏడెనిమిది నెలలు నిద్రపోతుంది. వేలాలు మొదలవగానే లక్షలు జమవుతాయి. అదే వారంలో కూలీలకు, ఎరువుల కొట్టుకు, కౌలుకు, కట్టెలు తోలినవాడికి పాతికమందికి చిన్న చిన్న బదిలీలు పోతాయి. చాలా రోజులు కదలని ఖాతా, ఒక్కసారిగా పెద్ద జమ, వెంటనే అనేకమందికి పంపకం. మోసపు సొమ్ము దాటించే అద్దె ఖాతాల గుర్తులు కూడా సరిగ్గా ఇవే. రొయ్యల రైతుది ఇంకో రకం. ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు, అటు కొత్తపట్నం వైపు రొయ్యలు పట్టే రోజున తెల్లవారుజామున గుంట గట్టు మీద నుంచి ఐసుకు, కూలీలకు, బండ్లకు డబ్బు కట్టాలి. తెల్లవారుజామున మూడింటికి, సముద్రపు ఒడ్డున, ఎప్పుడూ లేనంత మొత్తం. మెషిన్ దాన్ని ఆపితే సరుకు ఎండలో పడుతుంది. అలాంటి రాత్రే ఫోన్ నీళ్లలో పడి కొత్త ఫోన్ కొంటే ఇంకో ఆటంకం. కొత్త పరికరంలో యూపీఐ పెట్టుకుంటే మొదటి 24 గంటలు 5,000 రూపాయల హద్దు ఉంటుంది. ఆ హద్దు తీసేయమని మేం అడగం, అది అవసరమే. రైతుకు ముందే తెలిసి ఉండాలని, ఖాతాలో రెండో దారిగా డెబిట్ కార్డు పనిచేస్తూ ఉండాలని మాత్రం అడుగుతున్నాం.

మీరు చేయగలిగింది ఉంది. పొగాకు బోర్డు నుంచి వచ్చే జమలు, రొయ్యల ప్రాసెసింగ్ కంపెనీల నుంచి వచ్చే జమలు ఏ నెలల్లో, ఏ శాఖల్లో, ఎంత స్థాయిలో ఉంటాయో మీ దగ్గర లెక్కలున్నాయి. ఆ సీజన్ పట్టికను మీ హెడ్డాఫీసు మోసాల నిఘా విభాగానికి ఇప్పుడే పంపండి. అనుమానం వచ్చిన చోట వెంటనే ఖాతా స్తంభింపజేయకుండా, ముందు అదనపు రుజువు అడిగేలా, 1600తో మొదలయ్యే బ్యాంకు నంబరు నుంచి తెలుగులో మాట్లాడి తేల్చుకునేలా నియమం పెట్టమనండి. శాఖ మేనేజరుకు తెలిసిన రైతు ఖాతాను కొన్ని గంటల్లో విడిపించే అధికారం శాఖకే ఇప్పించుకోండి. ఖాతా ఆగిందన్న సంగతి రైతుకు వేలం కేంద్రం దగ్గర కాదు, ఆగిన నిమిషంలో తెలియాలి.

నష్టం ఎవరు భరించాలన్నది కూడా ఈ ఆదేశాల్లో స్పష్టంగా ఉంది. నియమాలు పాటించకుండా జరిగిన లావాదేవీలో ఖాతాదారుకు నష్టమొస్తే, కార్డు లేదా ఖాతా ఇచ్చిన సంస్థ ఆ మొత్తాన్ని పూర్తిగా, సాకులు చెప్పకుండా చెల్లించాలి. అయితే నియమం పాటించారో లేదో తెలిసే కాగితాలన్నీ బ్యాంకు దగ్గరే ఉంటాయి. ఖాతాదారు తప్పుందని రుజువు చేసే బాధ్యత బ్యాంకుదేనని రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6 నాటి సర్క్యులర్‌లోనే చెప్పింది. ఆచరణలో మాత్రం "ఓటీపీ మీరే చెప్పి ఉంటారు" అన్న ఒక్క మాటతో ఫిర్యాదు మూసేయడం మామూలైపోయింది. ఇది మారాలి.

ఫిర్యాదు వచ్చిన మూడు పనిదినాల్లో శాఖ ఒక పేజీ వివరం ఇవ్వాలని కోరుతున్నాం. అందులో లావాదేవీ జరిగిన సమయం, వాడిన రెండు రుజువులు ఏవి, ఓటీపీ పోయిన నంబరు ఆఖరి నాలుగంకెలు, అది చేరినట్టు రిపోర్టు ఉందా, ఆ ఖాతాకు ఫోన్ నంబరు గానీ పరికరం గానీ చివరిసారి ఎప్పుడు మారాయి, ఎక్కడ మారాయి, ఆ లావాదేవీకి అనుమానపు హెచ్చరిక పుట్టిందా, పుడితే ఏం చేశారు అన్నవి ఉండాలి. ఇవన్నీ సిస్టంలో ఉన్న వివరాలే. నంబరు మారిన తేదీ, మోసం జరిగిన తేదీ పక్కపక్కనే ఉన్నాయంటే ఖాతాదారు ఏమీ వాదించాల్సిన పనిలేదు.

2017 నాటి లెక్కలు కూడా కౌంటర్ దగ్గర రాసి పెట్టండి. బ్యాంకు లోపం ఉంటే ఖాతాదారు బాధ్యత సున్నా. తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక మూడోవాళ్ల దగ్గర జరిగితే, మూడు పనిదినాల్లో చెప్పినవాళ్లకు బాధ్యత లేదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే బేసిక్ సేవింగ్స్ ఖాతాకు 5,000, మామూలు సేవింగ్స్ ఖాతాకు 10,000 రూపాయలకు మించి మోపకూడదు. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో ఆ సొమ్ము తాత్కాలికంగా జమ చేయాలి, 90 రోజుల్లో తేల్చాలి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చింది నచ్చకపోయినా ఖాతాదారు ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా రాసుకోవచ్చు, సమాచారానికి 14448 నంబరు ఉంది. డబ్బు పోయిన వెంటనే చేయాల్సింది సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్. బ్యాంకుకు నడిచి వచ్చేలోపు సొమ్ము నాలుగు ఖాతాలు దాటిపోతుంది. శాఖలో ఉన్నవాళ్లే ముందు ఆ ఫోన్ చేయించి, తర్వాత కాగితం రాయించుకోవాలి.

అక్టోబర్ 1 గడువు గురించి కొద్దిగా. విదేశీ సైట్లు చాలావరకు ఓటీపీ అడగవు. కార్డు నంబరు, గడువు తేదీ, వెనకాల మూడంకెలు ఉంటే చాలు. అవతలి వ్యాపారి రుజువు అడిగితే ఇక్కడి బ్యాంకు జవాబివ్వగలిగేలా ఆ తేదీ నాటికి ఏర్పాటు చేసుకోవాలి. అవతలి వ్యాపారి అడగనే అడగకపోతే ఏం చేయాలో కూడా ముప్పును బట్టి బ్యాంకు నిర్ణయించుకోవాలి. నెల్లూరు, ఒంగోలు నుంచి అమెరికా యూనివర్సిటీలకు, పరీక్షలకు, వీసాలకు ఫీజులు కట్టే కుటుంబాలు ఎక్కువ. వాళ్లకు ఇప్పుడే చెప్పాల్సింది ఒకటే. యాప్‌లో అంతర్జాతీయ వాడకం ఫీజు కట్టే ముందు ఆన్ చేసి, ఆ మొత్తానికే హద్దు పెట్టి, కట్టగానే ఆఫ్ చేయాలి. 2020 నుంచి ఈ స్విచ్ ప్రతి డెబిట్, క్రెడిట్ కార్డుకూ ఉండాల్సిందే.

ఆన్‌లైన్‌లో అమ్ముకునే మన చిన్న వ్యాపారులకు, అంటే ఉలవపాడు మామిడి, ఉదయగిరి చెక్క గరిటెలు, ఇంటి పచ్చళ్లు పంపేవాళ్లకు కూడా శాఖలో ఒక మాట చెప్పండి. చెల్లింపు పేజీ, ఆన్‌లైన్ చెల్లింపులు నడిపే గేట్‌వే సంస్థదే వాడాలి, కార్డు వివరాలు ఫోన్లో అడిగి రాసుకోకూడదు. కొనేవాళ్ల ఖాతాలో డబ్బు తగ్గి, ఆర్డరు ఖాయం కాకపోతే అయిదు రోజుల్లో వెనక్కి రావాలి. ఆ పైన ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయలు కొనుగోలుదారుకు దక్కుతాయి. ఇది తెలియక వ్యాపారి, కొన్న మనిషి ఒకరినొకరు అనుమానించుకుంటున్నారు.

లీడ్ బ్యాంకు మేనేజర్లకు మా విన్నపం. తర్వాత జరిగే జిల్లా సంప్రదింపుల కమిటీ సమావేశం ఎజెండాలో దీన్ని విడిగా చేర్చండి. శాఖల వారీగా మూడు అంకెలు తెప్పించండి: నంబరు లేని లేదా రద్దయిన నంబరున్న ఖాతాలు ఎన్ని, వాటిలో సరిచేసినవి ఎన్ని, సీజన్‌లో అనుమానంతో ఆపిన ఖాతాల్లో 24 గంటల్లో విడిపించినవి ఎన్ని. ఆ పట్టికను జిల్లా వెబ్‌సైట్‌లో పెట్టండి. నంబర్లు సరిచేసే శిబిరాల్లో ఫోన్ల తనిఖీకి, తెలుగు మెసేజీ నమూనాలను వేర్వేరు ఫోన్ల మీద పరీక్షించడానికి మనుషులు కావాలంటే మేం వస్తాం. మార్చి మొదటి వారం లోపు పిలవండి. ఆ తర్వాత మీకూ తీరిక ఉండదు, వేలాల దగ్గర రైతులకూ ఉండదు.

ఇట్లు,
నెల్లూరు, కావలి, ఒంగోలు, మార్కాపురం ప్రాంతాల్లో డిజిటల్ చెల్లింపుల సాంకేతిక పనుల్లో ఉన్నవాళ్లం, విశ్రాంత బ్యాంకు ఉద్యోగులం